పేరొక్కటే, తీరు వేరు

ఈ వారం కంప్యూటరు కార్డుల మీద వ్రాయబోతున్నానని చెబితే, మా ఆవిడ గరిట చేత్తో పట్టుకునే వంటింటి గుమ్మంలోకి వచ్చి, "మీరా?" అంది. ఆ "మీరా"లో ఇరవై ఏళ్ళ కాపురం ఉంది. కాలేజీలో ఛందస్సు చెప్పుకునేవాడికి ఇదేం బుద్ధి అని మీరూ అనుకోవచ్చు. అనుకోండి, తప్పులేదు. ఐనా మొన్న సంక్రాంతికి మా ఇంట్లో జరిగిన సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్రపట్టేట్టు లేదు.

మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. పిల్లల మధ్య తేడా చూపకపోవటం ఆయనకు ఒక వ్రతం. పనసకాయ కోస్తే తొనలు లెక్కపెట్టి పంచేవారు. పంపకానికి ఆయన పెట్టిన శాసనం ఒకటుంది: చిన్నవాడు ముందు తీసుకోవాలి, కోసినవాడు ఆఖర్న తీసుకోవాలి. ఈ శాసనం ధర్మమా అని నా జన్మలో పెద్ద తొన నేనెన్నడూ తిని ఎరగను.

2004లో నేను ఎం.ఫిల్. చేస్తూ, ఖర్చులకోసం తెలుగు డి.టి.పి. పని నేర్చుకుంటున్నాను. తమ్ముడు హైదరాబాదులో ఎం.సి.ఎ. చదువుతున్నాడు. నాన్నగారు రిటైరయినప్పుడు వచ్చిన డబ్బులో కొంత తీసి, సికిందరాబాదులో ఒక దుకాణంలో మా ఇద్దరికీ రెండు కంప్యూటర్లు కట్టించారు. అవే విడిభాగాలు, అదే ధర. రూపాయి తేడా లేదు. ఒకటి తమ్ముడి గదికి వెళ్ళింది. రెండోది నాతోపాటు గోదావరి ఎక్స్‌ప్రెస్సులో రాజమండ్రి వచ్చింది.

వేసవి సెలవులకు తమ్ముడు ఇంటికొచ్చి నా యంత్రం మీద ఏదో కారు పందెం ఆట ఆడాడు. కాసేపు ఆడి, చెయ్యి తీసేసి, "పెద్దవాడివి కదా అన్నయ్యా, నీకు మంచిదే వచ్చింది" అని నవ్వాడు. తన దాని మీద అదే ఆట కుంటుతుందిట. ఆ నవ్వు నవ్వు కాదని నాకు తెలుసు. వాకిట్లో పడక్కుర్చీలో ఉన్న నాన్నగారికీ వినిపించింది. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు ట్రంకుపెట్టె తెరిచి, దుకాణంవాడిచ్చిన బిల్లు తీసి, కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, మళ్ళీ దాచేశారు. 2011లో ఆయన పోయారు. ఆ మాట మేమిద్దరం మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. కాని ఎత్తని మాటలే ఇంట్లో ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి గదా.

ఇహ ఈ సంక్రాంతి. మా అబ్బాయి ఇంటర్మీడియట్, తమ్ముడి కొడుకు తొమ్మిదో తరగతి. ఈ కాలపు పిల్లలకు కొత్తవాటికంటే పాతవాటి మీద మోజు. మనం పాత గ్రామఫోను పెట్టెలకోసం వెతికినట్టే వాళ్ళు పాత కంప్యూటర్లను బాగుచేసుకుని మురిసిపోతున్నారు. తమ్ముడు అటక మీదనుంచి తన పెట్టె దింపి కారులో వేసుకొచ్చాడు. నాది ఎటూ పుస్తకాల బీరువా పక్కన దుప్పటి కప్పుకుని ఉంది. పిల్లలిద్దరూ రెండింటిలోనూ విండోస్ ఎక్స్‌పీ ఎక్కించి, హాలులో పక్కపక్కన పెట్టి, అదే కారు పందెం ఆట నడిపించారు.

నాది పరుగెత్తింది. తమ్ముడిది కుంటింది.

తమ్ముడు కాఫీ గ్లాసు కింద పెట్టి, "అప్పుడే చెప్పానుగా" అన్నాడు, ఎవరివంకా చూడకుండా. మా మరదలు గభాలున లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తమ్ముడి కొడుకు మాత్రం, "పెదనాన్నా, రెండింట్లోనూ కార్డు ఒకటే. తేడా రాకూడదే!" అని తల గోక్కున్నాడు.

గ్రాఫిక్స్ కార్డు సంగతి తెలియనివారికి ఒక్క మాట. కంప్యూటరు లెక్కలు ఒకచోట చేసుకుని, తెర మీద బొమ్మ గీసే పని ఇంకో పలకకు అప్పగిస్తుంది. అరచేతికన్న కాస్త పెద్దదైన ఆ పలకే గ్రాఫిక్స్ కార్డు. మా రెండింటిలో ఉన్నది జీఫోర్స్ ఎఫ్.ఎక్స్. 5200. ఆ చిప్పును ఎన్విడియా సంస్థ 2003లో విడుదల చేసింది. చిప్పు వారిది; దాన్ని పలక మీద అమర్చి, పక్కన మెమొరీ పెట్టి, అట్టపెట్టెలో వేసి అమ్మేది వేరే కంపెనీలు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

నాకు కంప్యూటరు రాదు గాని, ఒకే కావ్యానికి రెండు తాళపత్ర ప్రతులు దొరికి, రెండింటిలో పాఠాలు కలవకపోతే ఏం చెయ్యాలో తెలుసు. ఏది మంచిదో ముందే తేల్చేసుకుని కూర్చోకూడదు. రెండూ పక్కపక్కన పెట్టి పంక్తి పంక్తీ పోల్చాలి. తేడా లేఖకుడి చెయ్యి జారటంవల్ల వచ్చిందా, లేక ఆ ప్రతికి మూలమైన మాతృకలోనే ఉందా అని చూడాలి. మొదటిదైతే దిద్దవచ్చు. రెండోదైతే దిద్దటానికి ఏమీ లేదు, ఒప్పుకోవాలి. ఈ మాటే పిల్లలకు చెప్పి, "ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చినదల్లా కాగితం మీద వ్రాయండి" అన్నాను. అంతే నా పాండిత్యం. తక్కినదంతా వాళ్ళది.

ముందు రెండు యంత్రాలనూ సమానం చేశారు. కార్డుకు కావలసిన డ్రైవరు ప్రోగ్రాం రెండింటిలోనూ ఒకే వెర్షను వేశారు. తెర కొలత రెండింటికీ 1024 అడ్డం, 768 నిలువు. రంగులు 32 బిట్లు. ఒకే పందెం రికార్డును రెండింటి మీదా తిప్పటమని నిర్ణయం. ఎందుకంటే ఆడేవాడి చెయ్యి మారితే కొలత మారుతుంది. ఫ్రాప్స్ అనే చిన్న ప్రోగ్రాం పెడితే, సెకనుకు ఎన్ని బొమ్మలు పడుతున్నాయో తెర మూల అంకెల్లో కనిపిస్తుంది.

అంకెలు చూసి అందరం నోళ్ళు తెరిచాం. నా దాని మీద 60. తమ్ముడి దాని మీద ఎక్కువసేపు 30, ఒక్కొక్కసారి 20. నడుమ 45 లేదు, 37 లేదు. అన్నీ మెట్లు దిగినట్టు అంకెలు.

మా అబ్బాయి ఎగిరి గంతేశాడు. "ఇది వి-సింక్ నాన్నా!" అన్నాడు. ఏమిటయ్యా అంటే, ఆ తెర సెకనుకు 60 సార్లు కొత్త బొమ్మ తీసుకుంటుంది. వి-సింక్ పెడితే, తెర అడిగిన క్షణంలోనే కార్డు బొమ్మ అందించాలి. రేవులో లాంచీ వంటిదన్నమాట. టైముకు వస్తే ఎక్కేస్తారు. ఒక్క నిమిషం ఆలస్యమైతే తరవాతి లాంచీదాకా ఒడ్డున పడిగాపులే. కాబట్టి సెకనుకు 62 బొమ్మలు వెయ్యగల కార్డు 60 చూపిస్తుంది. 55 వెయ్యగల కార్డు ప్రతి లాంచీకీ రవంత ఆలస్యమై 30 దగ్గర ఆగిపోతుంది. అసలు తేడా పిసరంత; కంటికి కనిపించేది సగానికి సగం. సరి, వి-సింక్ తీసేసి మళ్ళీ కొలిచారు. ప్రతి కొలతా మూడేసిసార్లు తీసి సగటు కట్టారు. నా యంత్రం 64. తమ్ముడిది 31.

తేడా నిజమే. లాంచీ మీదికి నెట్టటానికి వీల్లేదు. తమ్ముడు కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

తరవాత చేసిన పనే అసలైన పని. తీగలన్నీ ఊడదీసి, పెట్టెలు తెరిచి, నా కార్డు వాడి యంత్రంలోకి, వాడి కార్డు నా యంత్రంలోకి మార్చారు. లోపం కార్డుదైతే కార్డు వెంట రావాలి. యంత్రానిదైతే ఇల్లు కదలకూడదు. నా యంత్రంలో వాడి కార్డు పెడితే 41 వచ్చింది. వాడి యంత్రంలో నా కార్డు పెడితే 46 వచ్చింది.

అంటే సగం లోపం కార్డు వెంట నడిచొచ్చింది, సగం ఇంట్లోనే కూర్చుంది. ఒక దొంగ అనుకున్నచోట ఇద్దరున్నారు. అందుకే 2004లో ఎవరేం చేసినా తేలి ఉండేది కాదు. ఒకణ్ణి పట్టుకుంటే రెండోవాడు మిగిలిపోయేవాడు.

ఇంట్లో కూర్చున్నవాణ్ణి ముందు పట్టారు. తమ్ముడి యంత్రంలో ప్రాసెసరు మీద ఉన్న ఫ్యాను విప్పితే, దాని కింద లోహపు రెక్కల నడుమ ధూళి దూదిపరుపులా పేరుకుని ఉంది. అది పెంటియం 4. దాని స్వభావం ఒకటుంది. వేడి మితిమీరితే అది వెంటనే ఆగిపోదు. ఎవరికీ చెప్పకుండా తనే నెమ్మదిస్తుంది. తనను తాను కాపాడుకోవటానికి చేసిన ఏర్పాటది. మంచి ఏర్పాటే గాని, బయటివాడికి అది సోమరితనంలా కనిపిస్తుంది. మెత్తని కుంచెతో ధూళి దులిపి, ఎండిపోయిన పాత పేస్టు తుడిచి, కొత్త థర్మల్ పేస్టు రాసి బిగించారు. 46 కాస్తా 57 అయింది.

రెండోది డ్రైవరు లోపం. ఆ రోజుల్లో గ్రాఫిక్స్ కార్డుకు ఏ.జి.పి. అని ప్రత్యేకమైన దారి ఉండేది. మామూలు పి.సి.ఐ. దారిలో సెకనుకు 133 మెగాబైట్లు నడుస్తాయి, అదీ తక్కిన పరికరాలతో పంచుకుంటూ. ఏ.జి.పి. 4ఎక్స్ దారిలో వెయ్యి మెగాబైట్లకు పైగా నడుస్తాయి. ఐతే ఆ దారి తెరవటానికి మదర్‌బోర్డుకు సంబంధించిన డ్రైవరు వేరే వెయ్యాలి. పిల్లలు నా దానికి వేశారు. తమ్ముడి దానికి మరిచిపోయారు. పెద్ద దారి మూసి ఉంటే కార్డు పాపం సందుదారిన నడుస్తోంది. అదీ వేశారు. 57 కాస్తా 64 అయింది. నా యంత్రంతో సమానం!

ఇవి లేఖకదోషాలు, దిద్దాం, పోయాయి. ఇహ మిగిలింది కార్డు. వాడి కార్డు వాడి యంత్రంలోకి తిరిగి పెడితే మళ్ళీ 41. ఎంత తుడిచినా 41 కంటే కదల్లేదు.

అప్పుడు రెండు కార్డులూ బల్ల మీద పక్కపక్కన పెట్టాం. నేను భూతద్దం తెచ్చాను. తాళపత్రాలు చూసే భూతద్దమే. పేరు ఒకటే. చిప్పు ఒకటే. మెమొరీ రెండింటికీ 128 మెగాబైట్లే. కాని నా కార్డు మీద నల్లని మెమొరీ బిళ్ళలు ముందు నాలుగు, వెనక నాలుగు, వెరసి ఎనిమిది. తమ్ముడి కార్డు మీద ముందు నాలుగే. వెనక వైపు బోడి.

అబ్బాయి ఆ బిళ్ళల మీద ఉన్న సన్నని నంబర్లు చదివి, అర్థం వెతికి చెప్పాడు. ఒక్కొక్క బిళ్ళనుంచి ఒకేసారి 16 బిట్లు బయటికి వస్తాయి. ఎనిమిది బిళ్ళలైతే 128 బిట్లు, నాలుగైతే 64. దీన్నే మెమొరీ బస్సు వెడల్పు అంటారుట. బస్సంటే మన ఆర్టీసీ బస్సు కాదు. తమ్ముడి కార్డులో బిళ్ళలు సగమే ఐనా ఒక్కొక్కటి రెట్టింపు పట్టేది. అంచేత మొత్తం 128 మెగాబైట్లు సరిపోయింది. జి.పి.యు.-జెడ్ అనే ప్రోగ్రాం పెట్టి చూస్తే అదీ ఈ మాటే చెప్పింది. బిళ్ళలు లెక్కపెట్టటంతో ఆగిపోకూడదుట. 8 బిట్ల బిళ్ళలు కూడా ఉంటాయి; అవి ఎనిమిదున్నా వెడల్పు 64 బిట్లే.

ఇది మా ఆవిడకు ఇలా చెప్పాను. రెండు పెళ్ళిళ్ళు. వంటవాడు ఒకడే. కొట్టుగదిలో సామాను సమానం. ఒక ఇంట్లో కొట్టుగదికి రెండు రెక్కల తలుపు, ఇంకో ఇంట్లో ఒంటిరెక్క తలుపు. బియ్యం బస్తాలు ఎన్ని ఉంటే ఏం లాభం, వంటవాడి దగ్గరికి చేరవద్దూ? సామాను ఎంతుందో చెప్పేది 128 మెగాబైట్లు. తలుపు వెడల్పు చెప్పేది 128 బిట్లు. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండేది మొదటి అంకె. పని తేల్చేది రెండోది. లెక్క కూడా వేసి చూశాం. మెమొరీ సెకనుకు 40 కోట్లసార్లు అందిస్తే, 128 బిట్లంటే 16 బైట్లు గనక సెకనుకు 6.4 గిగాబైట్లు. 64 బిట్లయితే 3.2. సరిగ్గా సగం.

మరి ఇందులో మోసం ఉందా? 5200 పేరుతో ఆ రెండు రకాల కార్డులూ బజారులో దొరికేవి. బిళ్ళలు తగ్గితే పలక కట్టటం తేలిక, ఖర్చు తక్కువ. చిప్పు పేరు చిప్పుదే. మెమొరీ ఎంత వెడల్పు పెట్టాలన్నది పలక కట్టినవారి చిత్తం. ఆ మాటకొస్తే 1999లో వచ్చిన జీఫోర్స్ 256 కూడా ఎస్.డి.ఆర్., డి.డి.ఆర్. అని రెండు మెమొరీలతో వచ్చింది. రెండోది చాలా చురుకు. 2001 నాటి జీఫోర్స్ 2 ఎం.ఎక్స్. 200, ఎం.ఎక్స్. 400లు చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. 200 రకానికి ఇరుకు తలుపు. 2002లో వచ్చిన జీఫోర్స్ 4 ఎం.ఎక్స్. 440కి పేరులో నాలుగున్నా లోపల పోలిక జీఫోర్స్ 2తోనే. అంతకుముందే 2001లో వచ్చిన జీఫోర్స్ 3లో ఉన్న పిక్సెల్ షేడర్లు దానికి లేవు. కాబట్టి అయ్యా, మీ పిల్లలు పాత కార్డు కొంటామంటే పేరూ మెగాబైట్లూ అడిగి ఊరుకోవద్దని చెప్పండి. బస్సు వెడల్పు అడగమనండి, వెనక వైపు ఫొటో చూపించమనండి.

తమ్ముడు ఇదంతా విని చాలాసేపు మాట్లాడలేదు. వాడన్నమాట నిజమైంది. ఇరవై ఏళ్ళ కిందట వాడికి నిజంగానే తక్కువది వచ్చింది. నేను ఆ రోజున, "నీ ఊహ తమ్ముడూ, రెండూ ఒకటే" అని కొట్టిపారేశాను. ఈ మాట ఇప్పుడు ఒప్పుకున్నాను, పిల్లల ముందే.

తరవాత లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టెలోనుంచి బిల్లు తెచ్చాను. మడతల దగ్గర చిరిగింది. సిరా వెలిసిపోయింది గాని చదవవచ్చు. "ఎఫ్.ఎక్స్. 5200, 128 ఎం.బి." అని ఒకే పంక్తి. ఎదురుగా సంఖ్య 2. రెండింటికీ ఒకే ధర. ఆ పంక్తి కింద నాన్నగారు పెన్సిలుతో గీత గీసి, పక్కన సరిచూసిన గుర్తు పెట్టుకున్నారు, పరీక్ష పేపరు దిద్దినట్టు. ఆ మర్నాడు ఆయన కళ్ళజోడు పెట్టుకుని వెతికింది ఇదే. తప్పు కనిపించలేదు. ఎలా కనిపిస్తుంది? తేడా ఉన్నది బిల్లులో లేని అంకెలో.

తమ్ముడు బిల్లు చేతిలోకి తీసుకున్నాడు. కాసేపటికి, "అన్నయ్యా, ఆ వేళ దుకాణంలో రెండు అట్టపెట్టెలు బల్ల మీద పెట్టారు, గుర్తుందా?" అన్నాడు.

"ఊఁ."

"రెండూ రెండు కంపెనీలవి. ఒకే రకం రెండు లేవన్నాడు దుకాణంవాడు. నాన్న నావంక చూసి, చిన్నవాడివి, నువ్వు ముందు తీసుకో అన్నారు. ఒక పెట్టె మీద రెక్కల గుర్రంలాంటి బొమ్మ, తళతళ్ళాడే అక్షరాలు. రెండోది ఉత్త తెల్లపెట్టె. నేనే గుర్రాన్ని తీసుకున్నాను."

నాకు ఆ సంగతి బొత్తిగా గుర్తులేదు. తెల్లపెట్టె ఆఖర్న నాకు మిగిలిందన్నమాట. జన్మకల్లా నాకు పెద్ద తొన దొరికింది ఆ ఒక్కసారే కాబోలు, అదీ నాకు తెలియకుండా.

మరదలు వంటింట్లోనుంచి అరిసెల పళ్ళెం పట్టుకొచ్చి, "మీవారికి బొమ్మ చూసి కొనే గుణం ఇప్పటికీ పోలేదు బావగారూ" అంది. అందరం నవ్వాం. ఈసారి తమ్ముడి నవ్వు నవ్వే.

పిల్లలు ఆ కార్డును అలా వదిలిపెట్టలేదు. ఒంటిరెక్క తలుపును వెడల్పు చెయ్యలేం గాని, పిలిచే అతిథులను తగ్గించవచ్చు గదా. తెర కొలత 800 అడ్డం, 600 నిలువుకు దించారు. మునుపు బొమ్మ ఒక్కంటికి 7,86,432 చుక్కలు వెయ్యాలి. ఇప్పుడు 4,80,000 చాలు. ఆట సుమారు 60 మీద హాయిగా నడిచింది. ఆ రాత్రి భోగి మంట ఆరిపోయినా వాళ్ళు హాలులోనే ఉన్నారు.

కనుమ వెళ్ళిన మర్నాడు తమ్ముడు ప్రయాణం కట్టాడు. పెట్టె కారులోకి ఎక్కించబోతుంటే, "ఒరే, ఎనిమిది బిళ్ళల కార్డు నువ్వు తీసుకుపో. నాకు డి.టి.పి.కి ఏదైనా ఒకటే" అన్నాను. వాడు ఆగి, పెట్టె పక్క మూత విప్పించి, లోపల ఉన్నది తన కార్డేనని చూసుకుని, మళ్ళీ బిగించాడు.

"వద్దు అన్నయ్యా. నేను ఎంచుకున్నది నాకే ఉండనీ" అన్నాడు. "ఆ బిల్లు మాత్రం ఫొటో తీసి పంపించు."

అదే రోజు పంపించాను.